వరండా బల్బు

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఎవరో. ఆవిడెవరో గానీ నాకు బాగా కావలసిన మనిషిలాగే ఉంది. తుఫాను మా వంటింటి రేకులు ఎగరేసుకుపోయినప్పుడు నేను ఏడవలేదు. స్తంభాలు విరిగి ఊరు ఊరంతా చీకటైపోయినప్పుడూ ఏడవలేదు. అందరితోపాటు మనమూ అనుకున్నాను. ఎదురింట్లో నా తోటికోడలికి నాకంటే ముందు కరెంటు వచ్చిన రోజున మాత్రం ఏడ్చాను. అదీ ఎవరూ అడగకుండా, ఉల్లిపాయలు ముందేసుకుని.

ఆ కరెంటు ఇచ్చింది ఎవరో పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇచ్చింది మా ఆయనే.

మా ఆయన లైన్‌మన్. మా మామగారూ ఆ పనే చేసేవారు. ఆయన పోతూ పోతూ ఆస్తులేమీ ఇవ్వలేదు గానీ ఒక పట్టింపు మాత్రం ఇచ్చిపోయారు. గాలివాన తర్వాత లైన్‌మన్ ఇంట్లో దీపం అందరికంటే ఆఖరున వెలగాలి. ముందు ఆసుపత్రి, తర్వాత నీళ్ళ మోటార్లు, తర్వాత జనం, జనమంతా అయ్యాక మనం. లేకపోతే ఊరు వేలెత్తి చూపిస్తుందట. ఈ మాట చెప్పేటప్పుడు మా అత్తయ్య మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగులో అంట్లు తోముకోలేం కదా.

మా వీధి పెద్ద వెడల్పేమీ కాదు. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఈ పక్కన మేము, సరిగ్గా ఎదురుగా మా మరిది వాళ్ళు. మా వంటింట్లో ఏదైనా మాడితే వాళ్ళింట్లో దగ్గుతారు. అంత దగ్గర. కానీ ఆ వరస ఇళ్ళకు వచ్చే తీగ వేరు, ఈ వరస ఇళ్ళకు వచ్చే తీగ వేరు. వాళ్ళ వరసలోనే నీళ్ళ ట్యాంకు మోటారు ఉంది కాబట్టి వాళ్ళకు ముందు కరెంటు వచ్చింది. మా వరసలో, వీధి చివర స్తంభాలు మొదలంటా విరిగి పడ్డాయి. ఇదీ అసలు సంగతి. నాకు తెలియక కాదు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా?

తోటికోడలి గురించి కూడా చెప్పాలి. చిన్నకోడలు కాబట్టి అందరం దాన్ని చిన్నది అంటాం. మా మరిది లారీ మీద వెళ్తే నెలలో సగం పైగా ఇంటి మొహం చూడడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో ప్రతి వస్తువూ తుడిచి తుడిచి మెరిసిపోతుంటుంది. మనిషి నవ్వుతూ మాట్లాడుతుంది, అడిగినవాళ్ళకు కాదనదు, నేను పుల్లవిరుపుగా ఏదన్నా అంటే వినిపించనట్టు ఊరుకుంటుంది. అదే నాకు ఒళ్ళుమంట. ఒక్క దుర్గుణమైనా కనిపిస్తే దాన్ని పట్టుకుని వేలాడేదాన్ని.

ఎదురింటి కిటికీలో ఫ్యాను తిరగడం మొదట చూసింది మా అత్తయ్యే. "ఊరికే చూసొస్తా" అని వెళ్ళింది. కాసేపటికి మా పాప వచ్చి, "నాన్నమ్మ తలగడ ఇమ్మంది" అంది. ఇచ్చాను. మర్నాడు మందుల డబ్బా అడిగింది. ఆ తర్వాత కళ్ళజోడు, ఆ తర్వాత కాళ్ళకు రాసుకునే తైలం. మనిషి వాయిదాల పద్ధతి మీద ఆ ఇంటికి మారిపోయింది.

పాప సంగతి ఇంకా ఘోరం. నేను పనిచేసే జిరాక్స్ షాపు కరెంటు లేక మూతపడింది. దాని బడీ మూతపడింది. పోనీలే, కూతురితో నాలుగు రోజులు గడపొచ్చు అనుకున్నాను. అది పొద్దున్నే పళ్ళు తోముకుని పిన్ని దగ్గరికి పరుగు. అక్కడ టీవీ ఉంది, చల్లటి నీళ్ళు ఉన్నాయి, తీరిగ్గా కూర్చుని రెండు జడలు వేసే పిన్ని ఉంది. నా దగ్గర విసనకర్ర, దోమలు, ముటముటలాడే నా మొహం. పడుకోవడానికి ఇంటికి రమ్మంటే, "అమ్మా, నువ్వే అక్కడికి రావచ్చు కదా" అంది. నిజానికి మంచి మాటే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

మా ఆయన ఒక్కడన్నా మిగిలాడు అనుకుంటే, ఒక సాయంత్రం తడి తలతో, ఒంటి మీద మాది కాని సబ్బు వాసనతో ఇంట్లోకి వచ్చాడు.

"ఎక్కడ చేశారు స్నానం?" అన్నాను.

"ఎదురింట్లో. వేణ్ణీళ్ళు పెట్టింది. ఒళ్ళంతా బురద, గ్రీజు. మనింట్లో మోటారు ఆడదు, నీళ్ళు మోసుకొచ్చి నువ్వేం పెడతావని..."

"నేను మొయ్యనన్నానా?"

"అనవు. అందుకే అడగలేదు."

అలసిపోయిన మగవాళ్ళు నిజాలే మాట్లాడతారు, అదే వాళ్ళతో వచ్చిన చిక్కు. కంచం ముందు పెట్టి, "మనకెప్పుడు వస్తుంది?" అని అడిగాను.

"బడి వెనక వీధులున్నాయి. మార్కెట్టు ఉంది. కొత్త స్తంభాలు దిగాలి. మనది ఆఖర్నే."

"మీ తమ్ముడింటికి ఆఖర్న కాలేదే?"

"అది మోటారు లైను. నీకు తెలుసు."

"నాకేం తెలుసు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది, ఇక్కడ నా తల తిరుగుతోంది. నాకు తెలిసింది ఇదే."

ఆయన నవ్వాడు. నవ్వకుండా ఉంటే గొడవ ఆ పూటతో తెగిపోయేది. నవ్వాడు కాబట్టి ఆ రోజు నుంచి మాటలు మానేశాను. కంచం పెడతాను, గిన్నెల చప్పుడు చేస్తాను, అంతే. ఏ రోజు ఏ వీధి బాగుచేస్తున్నాడో ఇదివరకు నాకు చెప్పేవాడు. ఇప్పుడు ఆ కబుర్లన్నీ ఎదురింటి ఫ్యాను కింద కాఫీ తాగుతూ వాళ్ళమ్మకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆమెతోపాటు చిన్నదీ వినేది. ఒక్క నాకే ఏమీ తెలిసేది కాదు.

చిన్నది రోజూ వచ్చి పిలిచేది. గుమ్మం బయటే నిలబడి, "అక్కా, మా ఇంటికి వచ్చెయ్. అందరం అక్కడే ఉన్నాంగా" అనేది.

ఆ 'అందరం' నా చెవిలో ముల్లులా దిగేది. నా అత్తయ్య, నా కూతురు, నా మొగుడు. వీళ్ళందరూ కలిసి దానికి 'అందరం' ఎప్పుడయ్యారు?

"ఇల్లొదిలి ఎలా వస్తాను? అసలే దొంగల భయం" అన్నాను.

"పోనీ మా ఫ్రిజ్‌లో పెట్టాల్సినవేమన్నా ఉంటే ఇవ్వు. పాడైపోతాయి."

"ఏమీ లేవు. మేం ఏ పూటకాపూట వండుకుంటున్నాం."

మేం అంటే చాలా పూటలు నేనొక్కదాన్నే. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ అప్పటికే కుళ్ళిపోయాయి. ఆ వాసన గుమ్మం దాకా రాకుండా తలుపు దగ్గరికి వేసి మరీ మాట్లాడాను. అది వెళ్ళాక చూస్తే, పాప దాని ఒళ్ళో కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నాకు ఎప్పుడూ చెప్పనంత పెద్ద కబురు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, నా ఇంట్లో దీపం వెలిగేదాకా ఆ గడప తొక్కకూడదని. పెట్టుకున్నాక తెలిసింది, ఆ ఒట్టు వల్ల నాకు తప్ప ఎవరికీ నష్టం లేదని.

ఇక్కడ మా వరండా బల్బు గురించి చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఏ ఇంట్లోనైనా కరెంటు మీటరు దాటి మెయిన్ స్విచ్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి గదుల్లోకి పోతుంది. మెయిన్ దించితే ఇల్లంతా ఆరిపోతుంది. మా ఇంట్లో మాత్రం వరండా బల్బు ఒక్కదాన్ని మెయిన్‌కి ముందే కలిపాడు మా ఆయన. కరెంటు పోగానే మేం మెయిన్ దించేస్తాం, వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువగా వచ్చి సామాన్లు కాలిపోకుండా. మరి వీధి తీగల్లోకి కరెంటు వచ్చిందో లేదో ఎలా తెలియాలి? వరండా బల్బు చెబుతుంది. అది వెలిగితే లైనులో కరెంటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎదురింటికీ తెలుసు. పాప మాటలు నేర్చిన కొత్తలో అమ్మ, నాన్న తర్వాత బల్బు అనే నేర్చింది.

తుఫాను వచ్చిన దగ్గర్నుంచి ఆ బల్బు గుడ్లు తేలేసినట్టు వేలాడుతోంది. ఎదురింటి వరండాలో దీపం వెలిగినప్పుడల్లా దీన్ని చూస్తే నాకు తలకొట్టేసినట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక వెనక సందులోంచి మా తమ్ముడి షాపుకు నడిచి వెళ్ళాను. వాడు సభలకు మైకు సెట్లు, లైట్లు అద్దెకిస్తాడు.

"ఒక చిన్న జనరేటర్ ఇవ్వరా" అన్నాను.

"బావ ఏమీ అనడా?"

"బావ ఇంట్లో ఉంటే కదా అనడానికి."

వాడు నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. సాయంత్రానికి బండి మీద తెచ్చి పెరట్లో దించాడు. రెండు కొసలా పిన్నులున్న తీగ ఒకటి తెచ్చాడు. ఒక కొస జనరేటర్‌కి, రెండో కొస వంటింటి గోడలో ఉన్న ప్లగ్గుకి. అలా పెడితే ఆ ఒక్క ప్లగ్గులోంచే ఇంట్లో గదులన్నిటికీ కరెంటు పాకుతుందట.

"ఇది అసలు చెయ్యకూడని పని. నువ్వు ఏడుస్తున్నావని చేస్తున్నా. మెయిన్ దించే ఉందా?" అన్నాడు.

"దించే ఉంది. లైన్‌మన్ పెళ్ళానికి నువ్వు నేర్పుతున్నావా?"

"నేర్పడం కాదు. దాన్ని మాత్రం ఎత్తకు. ఎత్తితే ఈ కరెంటంతా ఎదురెక్కి వీధిలోకి పోతుంది."

"సరేలే, వెళ్ళు."

వాడు తాడు లాగి ఇంజను నడిపించి, ఎక్కడో సభ ఉందని వెళ్ళిపోయాడు. ఇల్లు వెలిగింది. ఫ్యాను తిరిగింది. ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మొదట హాయిగానే ఉంది. కాసేపటికి ఏదో తక్కువైంది.

ఎవరూ చూడటం లేదు. అదీ తక్కువైంది.

గాలివానకు వీధి వైపు కిటికీ అద్దాలు పగిలితే మా ఆయన చెక్కలు కొట్టాడు, ఎగిరిపోయిన వంటింటి రేకుల చోట టార్పాలిన్ కప్పాడు. లోపల ఎంత వెలిగినా బయటికి మిణుకు కూడా పోదు. పోనీ చప్పుడైనా వినిపిస్తుందా అంటే, పక్క సందులో మందుల షాపు జనరేటర్ రోజంతా డబడబలాడుతూనే ఉంటుంది, నాది అందులో కలిసిపోయింది. అంటే నేను ఇంత తిప్పలు పడి వెలిగించుకున్న దీపం నాకు తప్ప ఎవరికీ లేదు. ఎదురింట్లో మా అత్తయ్య ఇంకా నన్ను చూసి జాలిపడుతూనే ఉంటుంది. చిన్నది మళ్ళీ వచ్చి 'అందరం' అంటూనే ఉంటుంది.

వరండాలోకి వచ్చి ఆ చచ్చిన బల్బును చూశాను. అది ఒక్కటి వెలిగితే చాలు. వీధి మొత్తానికి కనిపిస్తుంది.

తమ్ముడి మాట నాకు గుర్తులేక కాదు. గుర్తుంది. మా ఆయన ఇదే మాట పెళ్ళైన కొత్తలో చెప్పిందీ గుర్తుంది. కానీ కుళ్ళు పుట్టిన బుర్రకు తెలివి ఎక్కువ. వీధిలోకి పోతే మాత్రం ఎక్కడికి పోతుంది, స్తంభాలే లేవు, తీగలు తెగి నేల మీద ఉన్నాయి, అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని మెయిన్ ఎత్తాను. పెరట్లో ఇంజను ఒక్కసారి మూలిగింది. వరండా బల్బు వెలిగింది.

తల దువ్వుకుని, కుర్చీ తెచ్చుకుని ఆ బల్బు కిందే కూర్చున్నాను. అప్పుడే సూర్యుడు దిగిపోయాడు కాబట్టి బల్బు బాగా కనిపిస్తోంది. ఎదురింటి గుమ్మంలోకి చిన్నది వచ్చింది. చేతిలో మా పాప గౌను ఉంది, మడత పెడుతోంది. తలెత్తి బల్బును చూసింది. నన్ను చూసింది. దాని మొహంలో నవ్వు పోయింది. ఇన్నేళ్ళలో నవ్వు లేని దాని మొహం చూడటం నాకు అదే మొదలు. కడుపులో చల్లగా అనిపించింది. అబద్ధం చెప్పను, అంత చల్లగా నాకు ఏ ఫ్యాను కిందా అనిపించలేదు.

అది గౌను గుమ్మం మీదే పడేసి, చెప్పులు సగం సగం తొడుక్కుని, నాతో ఒక్క మాటా అనకుండా వీధి చివరికి విసవిసా నడిచిపోయింది. పో, చెప్పుకో, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో అనుకున్నాను.

ఇంతలో పక్కింటి డ్రాయింగ్ మాస్టారు పేపరు చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు.

"వచ్చేసిందమ్మా. కాస్త గుడ్డిగా ఉంది గానీ మొత్తానికి వచ్చేసింది" అన్నారు.

తొంగి చూస్తే వాళ్ళ ముందుగదిలో బల్బు పచ్చగా వెలుగుతోంది. ఆ పక్కింట్లోనూ ఏదో మిణుకుమంటోంది. ఆ క్షణంలో నాకు ఏమనిపించాలో అది అనిపించలేదు. నేను పెట్రోలు పోస్తే ఈయన పేపరు చదువుకుంటాడా అనిపించింది. ఒక్క తోటికోడలికి కనిపించాలని వెలిగించుకుంటే ఊరందరికీ పంచాలా?

"అది మీ కరెంటు కాదు మాస్టారూ, మాది. బల్బు ఆర్పండి" అన్నాను.

ఆయన పెద్దమనిషి. నొచ్చుకున్నారు. "అదేం మాటమ్మా. మీ ఆయన బాగుచేసినంత మాత్రాన మీ కరెంటైపోతుందా? పొద్దుట్నుంచీ కొత్త స్తంభాలు పాతించి, తీగలు లాగించి, ఇందాకే చివరిది ఎక్కాడు. మన వరసకు ఇవాళే ఇచ్చేస్తానన్నాడు. నీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు. నాతో మాటలు లేవు కదా.

నా ఇంట్లోంచి బయల్దేరిన కరెంటు మాస్టారి ఇంట్లో వెలుగుతోంది. అంటే వీధి తీగలో ఉంది. ఆ తీగ రెండో కొస దగ్గర మా ఆయన ఉన్నాడు.

లోపలికి ఎలా వెళ్ళానో తెలియదు. మెయిన్ దించాను. దించినా నమ్మకం లేక పెరట్లోకి పోయి జనరేటర్ ఆపాను. అదీ చాలక గోడలోంచి తీగ పీకేశాను. వెనక ఎవరో "మళ్ళీ పోయిందే" అంటున్నారు. చెప్పులు లేకుండా వీధి చివరికి పరిగెత్తాను. దారిలో ఏ శబ్దమూ వినపడలేదు. అరుపులు వినపడకపోవడం మంచిదో చెడ్డదో తెలియక ఇంకా భయమేసింది.

మా ఆయన స్తంభం మీదే ఉన్నాడు. నడుముకు పట్టీ ఉంది. రెండు చేతులతో స్తంభాన్ని కావలించుకుని కదలకుండా ఉన్నాడు. కింద ఆయనతో పనిచేసే ఇద్దరు మనుషులు మెడలెత్తి చూస్తున్నారు. వాళ్ళ పక్కన చిన్నది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"దించేశాను" అన్నాను. మళ్ళీ అన్నాను. "మెయిన్ దించేశాను. జనరేటర్ ఆపేశాను."

పైనుంచి ఆయన నన్ను చూశాడు. మెల్లగా, ఒక్కో కాలూ చూసుకుంటూ దిగాడు. దిగి స్తంభం మొదట్లోనే చతికిలబడ్డాడు.

పనివాళ్ళలో పెద్దాయన నాతో అన్నాడు. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తనే పీకి జేబులో వేసుకున్నాడమ్మా. తీగలకి చైను కట్టి నేలకి కలిపాకే ముట్టుకోవాలి, అది రూలు. ఆ చైను పక్క వీధి వాళ్ళు పట్టుకెళ్ళారు. చచ్చిన తీగే కదా, మన వీధే కదా అని ఎక్కేశాడు. వేళ్ళు తిరగట్లేదని చేతి తొడుగులు కూడా తీసేశాడు. తీగ మీద చెయ్యి వెయ్యబోతుంటే ఈవిడ వచ్చి కేకేసింది."

"ఏమని?" అన్నాను.

చిన్నది తల దించుకుంది. పెద్దాయనే చెప్పాడు. "'ఏం బావగారూ, మామగారి మాట గాలికొదిలేసి మీ ఇంటికి మాత్రం గుట్టుగా ముందే ఇచ్చుకున్నారా, మీ వరండా బల్బు వెలుగుతోందిగా' అంది. అది విని మనిషి కొయ్యబారిపోయాడు."

మా ఆయన జేబులోంచి ఫ్యూజులు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. అవి ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి.

"ఇవి నా దగ్గరే ఉన్నాయి. మరి బల్బెలా వెలిగిందా అనుకున్నా" అన్నాడు. నా వైపు తిరిగి, "మెయిన్ ఎందుకెత్తావు?" అన్నాడు.

అందరూ వింటున్నారు. అబద్ధం ఏదీ తోచలేదు.

"దానికి కనిపించాలని" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, చిన్నదాన్ని చూశాడు. తిడితే బాగుండేది. "పాప ఏది?" అని మాత్రం అడిగాడు. అత్తయ్య దగ్గర ఉందని చిన్నది చెప్పింది. తల ఊపాడు. మనిషిని పంపి పక్క వీధి నుంచి చైను తెప్పించుకున్నాడు. తొడుగులు వేసుకున్నాడు. ఈసారి చైను కట్టాకే తీగ ముట్టుకున్నాడు. ఆయన పైన ఉన్నంతసేపూ నేను చిన్నదాని చెయ్యి పట్టుకున్నానట. నాకు తెలియదు. వదిలాక దాని మణికట్టు ఎర్రగా కందిపోయి ఉంది.

తిరిగి వస్తూ అది నెమ్మదిగా అంది. "నాకు కుళ్ళొచ్చింది అక్కా."

"నీకా?"

"ఇవాళ మీకు కరెంటు ఇస్తానని బావగారు కాఫీ తాగుతూ చెప్పారు. అప్పట్నుంచీ పాప బట్టలు మడతపెడుతూనే ఉన్నా. మడతపెట్టినవే విప్పి మళ్ళీ పెడుతున్నా. ఇంకో పూటన్నా ఉంటారులే అనుకున్నా. అంతలో నీ బల్బు చూశా. ఆ పూట కూడా లాక్కున్నావనిపించింది. నీ ఇంట్లో మనుషులెప్పుడూ ఉంటారు. నాకు గాలివాన వస్తే వచ్చారు. తిడదామనే వెళ్ళానక్కా. ఆయన్ని కాపాడదామని వెళ్ళలేదు."

ఇన్నేళ్ళు దానిలో ఒక్క దుర్గుణం కోసం వెతికాను. తీరా దొరికిందయ్యా అంటే, ఆ దుర్గుణమే నా మొగుణ్ణి బతికించింది. నా కుళ్ళు చంపబోయింది, దాని కుళ్ళు కాపాడింది. ఆఖరికి కుళ్ళులో కూడా దానిదే పైచేయి.

బాగా చీకటి పడకముందే మా వరసకు కరెంటు వచ్చింది. వరండా బల్బు ఈసారి నిజంగా వెలిగింది. మాస్టారు నా వైపు చూసి, "ఇప్పుడు వేసుకోవచ్చా తల్లీ?" అని అడిగారు. నాకు తలెత్తుకునే మొహం లేదు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, బల్బును చూసి, "ఆఖరున వెలిగింది చూశావా, మీ మామగారు చెప్పినట్టే" అని మురిసిపోయింది. జరిగింది ఇంకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. తలగడ చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

"ఈ పూట అక్కడే ఉండండి అత్తయ్యా. పాపని కూడా ఉంచుకోండి" అన్నాను.

ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదే" అంది.

మా ఆయన కూడా స్నానానికి అటే వెళ్ళాడు. నీళ్ళు అప్పటికే కాగి ఉన్నాయి మరి. నేను లోపలికి వచ్చి అన్ని లైట్లూ వేశాను. ఫ్యాన్లు వేశాను. ఫ్రిజ్ గుర్రుమంటూ మొదలైంది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నవన్నీ ఇంట్లో తిరుగుతున్నాయి, వెలుగుతున్నాయి. మధ్యలో నేనొక్కదాన్నే ఉన్నాను. చిన్నదాని ఇల్లు మామూలు రోజుల్లో ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఎదురింట్లోంచి నవ్వులు వినిపించాయి. పాప ఏదో అంది, అత్తయ్య నవ్వింది, మా ఆయన నవ్వాడు. వాళ్ళందరి మీదుగా చిన్నది నవ్వింది. మంచిదాన్నయిపోయానని అప్పటిదాకా కొంచెం నమ్మకంగానే ఉన్నాను. ఆ నవ్వు వినగానే కడుపు మళ్ళీ భగ్గుమంది. నన్నొదిలేసి వీళ్ళకు అంత నవ్వేమిటి?

లేచి మెయిన్ దించాను. ఇల్లంతా ఆరిపోయింది, వరండా బల్బు ఒక్కటే మిగిలింది. తలుపుకి తాళం వేసి, ఆ వెలుగులో చెప్పులు వెతుక్కుని, వీధి దాటి వెళ్ళాను.

గుమ్మంలో చిన్నది నన్ను చూసి పక్కకు జరిగింది. "రా అక్కా. అందరం ఇక్కడే ఉన్నాం" అంది.